జనం వస్తే ఆగిపోయే కంప్యూటరు

మా ఇంట్లో ఒక కంప్యూటరు ఉంది. ఇప్పటి పిల్లలకు చూపిస్తే అది కంప్యూటరని ఒప్పుకోరు. బొత్తాలూ లోపలి సామానూ అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. దానికి తెర ఉండదు, టీవీకి తగిలించాలి. ఆ టీవీ కూడా వెనక లావుగా ఉండే పాతదే కావాలి, గోడకు కొట్టే పలక టీవీ దానికి సరిపోదు. పక్కన ఒక టేప్‌రికార్డరు పెట్టి క్యాసెట్ వేస్తే, అది కీచుకీచుమని అరుస్తూ లోపలికి ఎక్కుతుంది. అరుపు ఆగేదాకా కాఫీ పెట్టుకుని తాగొచ్చు.

మా ఆయన మదనపల్లెలో ఒక బడిలో ల్యాబు అటెండరు. నేను మిషను ఆసుపత్రిలో ఆయాను. బడికి కొత్త కంప్యూటర్లు వచ్చినప్పుడు, ఈ పాతదాన్ని ఎవరికి కావాలంటే వాళ్ళు తీసుకోవచ్చని అన్నారట. ఎవరూ తీసుకోలేదు. ఈయన సైకిల్ వెనక కట్టుకుని తెచ్చాడు. దుమ్ము పడకుండా దానికి నేను దారంతో అల్లిన గుడ్డ ఒకటి కప్పాను. తెల్ల గుడ్డ, అంచున నీలం పూలు. నేను చదువుకున్నది తక్కువ. అచ్చులు, హల్లులు, అంకెలు వచ్చు. గుణింతాలకు వచ్చేసరికి ఇంట్లో పని పడింది, బడి ఆగిపోయింది. అందుకే నేను చెబుతున్నాను, మా అమ్మాయి రాస్తోంది.

కంప్యూటరు మాకెందుకంటారా. వాగ్దానాల కోసం.

కొత్త సంవత్సరం పొద్దున ఆరాధన అయ్యాక మా వీధిలోని చర్చి ఆడవాళ్ళంతా మా ఇంటికి వస్తారు. వాళ్ళకు కేకు ముక్క, కాఫీ ఇస్తాం. తర్వాత ఒక్కొక్కరికి ఒక వాగ్దానం. బైబిల్లోని మాట ఒకటి ఒక అట్టముక్క మీద రాసి ఉంటుంది. ఎవరికి వచ్చిన అట్ట వాళ్ళకు ఆ ఏడాదంతా దేవుడు ఇచ్చిన మాట. మొదట్లో మేము కూడా అందరిలాగే బిస్కెట్ల డబ్బాలో అట్టలు వేసి తీయమనేవాళ్ళం. దాన్ని చెడగొట్టింది మా పక్కింటామె.

ఆమెది టమోటా మార్కెట్లో ఏరుడు పని. కాయను ముట్టుకోగానే గట్టిదో మెత్తదో, లోపల కుళ్ళిందో లేదో చెప్పేసే చెయ్యి. ఆ చెయ్యి అట్టల డబ్బాలోకి పోతే ఊరుకుంటుందా. ఒక అట్ట తీసేది, చదివేది, ముఖం చిట్లించి మళ్ళీ లోపల వేసేది. "ఇది నాకు పోయినేడు వచ్చినాదే, వేరేది తీస్తా" అనేది. మూల నలిగిన అట్ట ఏదో, దాంట్లో మంచి మాట ఉందో లేదో కూడా చేతికి గుర్తే. ఆమెను చూసి మిగిలినవాళ్ళూ మొదలుపెట్టారు. మా ఆయన రెండేళ్ళు ఓర్చుకున్నాడు. మూడో ఏడు అట్టలకు అంకెలు వేసి, కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఏవో అట్టముక్కలు ముందేసుకుని, బడి పుస్తకం చూసుకుని, చాలా రోజులు టకటకమని కొట్టాడు. కొత్త సంవత్సరానికి సిద్ధం చేశాడు. ఎవరైనా పొడుగు బొత్తాం నొక్కితే టీవీలో ఒక అంకె వస్తుంది. ఆ అంకె ఉన్న అట్ట వాళ్ళది. ఒక మనిషికి ఒక్క నొక్కుడు.

"ఇది నా చేతిని నమ్మక పెట్టినాడు గదా అన్న" అని పక్కింటామె మూతి ముడిచింది.

"నీ సెయ్యిని నమ్మే పెట్టినా తల్లీ. ఆ సెయ్యి మార్కెట్లో పెట్టుకో, ఈడ ఒక ఏలు చాలు" అన్నాడు ఆయన.

నవ్వులు. ఆమె కూడా నవ్వింది. అప్పటి నుంచి మా వీధిలో వాగ్దానం అంటే ఆ పెట్టెలో నుంచి వచ్చేదే. చేత్తో తీసిన అట్టకు విలువ లేకుండా పోయింది.

ఇంకొకటి చెప్పాలి. ప్రతి డిసెంబరులో మా ఆయన ఆ పెట్టె మూత విప్పేవాడు. లోపల నల్లటి జెర్రుల్లాగా, రెండు వైపులా కాళ్ళతో ఐసీలు ఉంటాయి. బ్రష్షుతో దుమ్ము దులిపి, రెండు బొటనవేళ్ళతో ఒక్కొక్కదాన్నే అదిమేవాడు. నేను పొయ్యి కాడ నుంచి చూసి, "నా కాళ్ళు ఒక్కరోజు పిసికినావా? దానికి మాత్రం పిసుకుతాండావే" అనేదాన్ని. "దీనికి నీకన్నా కాళ్ళెక్కువ" అనేవాడు. నేనేమో అది ఆయన ముచ్చట అనుకున్నాను.

ఆయన గుండె ఆగి పోయాడు. అది ఎండాకాలం. కొత్త సంవత్సరం వచ్చేసరికి నేను కొంచెం నిలదొక్కుకున్నాను. ఈ ఏడు మానుకుందామా అని అడిగారు కొందరు. మానుకోకూడదని నేనే అన్నాను. క్యాసెట్ వేయడం, లోపలికి రమ్మని కొట్టే మాట కొట్టడం నాకు వచ్చు. ఆ మాటకు అర్థం తెలియదు. ఏ బొత్తాం తర్వాత ఏ బొత్తామో వేలికి తెలుసు.

ఆ పొద్దున చలి ఎక్కువగా ఉంది. మదనపల్లెలో డిసెంబరు, జనవరి అంటే తెల్లారేసరికి నోట్లో నుంచి పొగ వస్తుంది. కిటికీలు మూశాం, తలుపు మూశాం. మా ముందు గది చిన్నది, ఆడవాళ్ళు భుజాలు తగిలేటట్టు కూర్చున్నారు. సగం మంది వరకు చక్కగా అంకెలు వచ్చాయి. పక్కింటామె వంతు వచ్చింది. ఆమె నొక్కింది. టీవీ తెర మీద అంకె రాలేదు. చీమల పుట్ట తవ్వితే ఎట్లా ఉంటుంది, అట్లా తెరంతా గీతలు, చుక్కలు, సగం సగం ముక్కలు.

ఆపి మళ్ళీ వేశాను. మళ్ళీ క్యాసెట్ అరిచింది, అందరూ ఓపిగ్గా కూర్చున్నారు. మళ్ళీ చీమలే. మిగిలినవాళ్ళు ఇక చేత్తోనే తీసుకుని పోయారు. పక్కింటామె తీసుకోలేదు.

"నా కాడికొచ్చేతలికే ఆగిపోయింది గదక్కా" అంది.

"మిషను మే అది. మిషన్లు ఆగిపోతాయి" అన్నాను.

"నాకు ముందు ఆమెకు వచ్చినాది. నాకు రాలే. సేత్తో తీసుకుంటే నేను ఏరుకున్నట్టు ఉంటాది. వద్దు లే."

అందరూ పోయాక సాయంత్రం నేను ఒక్కదాన్నే పెట్టి చూశాను. శుభ్రంగా పనిచేసింది. అంకెలు మల్లెపూలలాగా తెల్లగా వచ్చాయి. పక్కింటామెను పిలిచాను. "ఇప్పుడు వస్తే అది కొత్త సంవత్సరం వాగ్దానమా? పొద్దు మునిగినాక" అని రాలేదు.

ఆ ఏడాదంతా ఆమె నోట ఒకటే మాట. గ్యాసు అయిపోతే, "వాగ్దానం లేని ఏడు గదా." కుక్క కోడిని ఎత్తుకుపోతే అదే మాట. మొదట్లో నాకు నవ్వొచ్చేది. వానాకాలం నాటికి నవ్వు రాలేదు. ఆమెకు కళ్ళు మసకలేశాయి. ఆసుపత్రికి నేనే పిలుచుకుపోయాను. రెండు కళ్ళలోనూ పొర వచ్చింది, ఆపరేషన్ చేసి తీసేస్తే మళ్ళీ బాగా కనిపిస్తుంది అన్నారు డాక్టరమ్మ. రోజూ చేసే ఆపరేషనే. ఆయాగా నేను ఎందరికో కంటికి పచ్చగుడ్డ కట్టి ఇంటికి పంపించాను. ఈమె మాత్రం మొండికేసింది.

"వాగ్దానం లేకుండా కంటికి కత్తి యాడ పెట్టించుకుంటానక్కా? వచ్చే ఏడు సూద్దాం."

"వచ్చే ఏడు దాకా నీకు పనెవరిస్తారు?"

మార్కెట్లో మండీవాళ్ళు అప్పుడే అంటున్నారు: "ఏందవ్వా, కుళ్ళినవి గూడా మంచిదాంట్లో ఏస్తాండావు." చేతికి మెత్తదనం తెలుస్తుంది గానీ మచ్చ తెలియదు కదా. ఇంకొక ఏడు ఇట్లాగే పోతే ఆ పని ఉండదు. మొగుడు లేనిది, కూలి పని తప్ప ఇంకొకటి తెలియనిది. ఈ కొత్త సంవత్సరానికైనా ఆమె నొక్కితే అంకె రావాలి. వచ్చే దారి చూడాలి అనుకున్నాను.

పుంగనూరులో మా ఆయనకు ఒక స్నేహితుడు ఉన్నాడు, టీవీ మెకానిక్. మా ఆయన కన్నా చిన్న, నన్ను వొదినా అంటాడు. కంప్యూటరును దుప్పట్లో చుట్టి, టేప్‌రికార్డరును సంచిలో వేసి బస్సెక్కాను. ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే కండక్టరు అడిగాడు.

"ఏందమ్మా అది, ఆర్మోనియమా?"

"కంప్యూటరప్పా."

"ఆడోళ్ళకు బస్సు ఉచితం, నీకు టికెట్టు లేదు గానీ దానికి కొట్టల్లనే. ఆడదా మొగదా?"

"ముసిల్ది" అన్నాను. వదిలేశాడు.

మెకానిక్ తన అరుగు మీదనే మూత విప్పి, తన పాత టీవీకి తగిలించాడు. కొంచెం సేపు నడవనిచ్చి నన్నే అడిగాడు, "వొదినా, నువ్వు ఆసుపత్రి మనిషివి. ముట్టుకొని సూడు, యాడ జొరం ఉండాదో."

నేను మొదలుపెట్టాను. ఆసుపత్రిలో పిల్లలకు చేసినట్టే, అరచేత్తో కాదు, చేతి వెనకతట్టుతో. జ్వరం చూడాలంటే అదే పద్ధతి. అన్నీ నులివెచ్చగా ఉన్నాయి. ఒక మూలన అల్యూమినియం రేకుకు బిగించిన చిన్న ముక్క మాత్రం చుర్రుమంది. చెయ్యి లాక్కున్నాను.

"ఇదేనప్పా. ఇది కాలిపోతాండాది."

"రెగ్యులేటరు, కరెంటు సరిజేసేది. నేనూ అదే అనుకుంటి" అన్నాడు. దాన్ని తీసి కొత్తది వేశాడు, పెద్ద రేకు బిగించాడు. మళ్ళీ నడిపించాం. వీధి గాలి అరుగు మీదకు చల్లగా కొడుతోంది. మధ్యాహ్నం భోజనాలు అయ్యేదాకా ఒక్క అంకె కూడా తప్పలేదు. నేను మా ఆయన పోయాక అంత సంతోషంగా బస్సెక్కింది అదే మొదటిసారి.

ఇంట్లో ఒక్కదాన్నే చూశాను, బాగుంది. ఆదివారం స్త్రీల ప్రార్థన మా ఇంట్లోనే పెట్టించాను, పరీక్ష చేద్దామని. ప్రార్థన జరిగినంత సేపూ కంప్యూటరు వెలుగుతూనే ఉంది. చివరి ఆమేన్ అయ్యేసరికి తెర నిండా చీమలు.

పక్కింటామె కళ్ళు చికిలించి చూసింది. ఆమెకు చీమలు కూడా కనబడలేదు. "ఏమొచ్చినాదక్కా?" అంది.

"ఏం రాలేదులే."

"నేను ఉంటే రాదది. నేను బయటికి పోతాను, సూడు" అని లేచి వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళినా రాలేదని చెప్పడానికి ఆమె లేదు.

మా అమ్మాయి కుప్పంలో ఉంటుంది. కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబులో ఉద్యోగం. ఫోను చేస్తే, "తీసుకురా అమ్మా, ఈడ సూస్తాం" అంది. మళ్ళీ దుప్పటి, మళ్ళీ బస్సు, పలమనేరులో దిగి ఇంకొక బస్సు. వాళ్ళ ల్యాబులో ఏసీ ఉంది. నాకు శాలువా కప్పుకోవాల్సి వచ్చింది. కంప్యూటరును బల్ల మీద పెట్టి పొద్దంతా నడిపించారు. కాలేజీ పిల్లలు వచ్చి పొడుగు బొత్తాం నొక్కి అంకెలు చూసి ముచ్చటపడ్డారు. ఒక్కసారి కూడా చెడలేదు.

"దీనికేం జబ్బు లేదమ్మా" అంది మా అమ్మాయి.

"ఇంట్లో ఉంది, ఈడ లేదు. మొగుడి ముందర ఒక రకం, అత్త ముందర ఒక రకం."

ఆమె నవ్వలేదు. బల్ల మీద చెయ్యి ఆనించి కాసేపు ఆలోచించింది. "చెడిపోయేది ఎప్పుడెప్పుడో చెప్పు" అంది. నేను చెప్పాను. కొత్త సంవత్సరం పొద్దున, ప్రార్థన రోజు. పుంగనూరు అరుగు మీద చెడలేదు. ఒక్కదాన్నే ఉంటే చెడదు.

"తలుపులు మూస్తారా ఆ రోజుల్లో?"

"సలి గదా, మూస్తాం."

"అది అమ్మా సంగతి. చిన్న గదిలో అంతమంది కూర్చుంటే గదే వేడెక్కుతాది. ఈడ ఏసీలో, ఆడ అరుగు మీద గాలిలో, అది వేడెక్కలా. చెడిపోయినప్పుడే గదా యాడ చెడిందో తెలిసేది. చెడగొట్టి చూడల్ల."

"యట్ల చెడగొట్టేది? ఊరోళ్ళనందరినీ పిలుచుకోని పోదునా పుంగనూరుకు?"

"వెచ్చగా ఉండే గది చాలు. మూసిన గది."

వెచ్చగా ఉండే గది అనగానే నాకు మెకానిక్ ఇంటి వెనక గది గుర్తొచ్చింది. అతని భార్య పట్టుపురుగులు పెంచుతుంది. చలికాలంలో ఆ గదిలో కిటికీలకు గోనెపట్టలు కట్టి, కుంపటి పెట్టి, చంటిపిల్లల గదిలాగా చూసుకుంటుంది. తిరుగు దారిలో ఇంటికి పోకుండా నేరుగా పుంగనూరులోనే దిగాను.

మెకానిక్ ఒప్పుకున్నాడు. భార్య ఒప్పుకోలేదు.

"పురుగులు జొరంలో ఉండాయక్కా. ఇప్పుడెవురూ పోకూడదు."

పురుగులు పొర విడిచే ముందు మేత మానేసి, తల ఎత్తి కదలకుండా ఉంటాయి. దాన్ని జ్వరం అంటారు. అది జబ్బు కాదు. అది అయిపోతే పెద్దవై మళ్ళీ ఆకు తింటాయి. అప్పుడు వాటిని కదిలించకూడదు.

"మేము పురుగుల్ని ముట్టుకోమమ్మా. ఒక మూలన కూర్చుంటాం. మా పక్కింటామె కండ్ల సంగతి" అని అంతా చెప్పాను. ఆమె నడుము మీద చేతులు పెట్టుకుని విన్నది. ఆఖరుకు మెత్తబడింది గానీ షరతులు పెట్టింది. వాకిట్లో సున్నం పొడిలో కాళ్ళు అద్దుకోవాలి. తలకు నూనె వాసన రాకూడదు. మొగుడి బీడీ బయటే. నేను ఆసుపత్రి అలవాటు కొద్దీ దూదీ స్పిరిట్టూ తెచ్చాను, తుడవడానికి పనికొస్తుందని. దాన్ని సంచిలో నుంచి తీయగానే లాక్కుంది.

"ఈ గబ్బుకు నా పురుగులన్నీ వాలిపోతాయి. మీ కంప్యూటరు బతుకుతాది, నా పంట సస్తాది."

"ఇంగ క్యాసెట్టు అరుస్తాది" అన్నాడు మెకానిక్ మెల్లగా.

"అరవనీకండి దాన్ని. నోరు కట్టేయండి."

టేప్‌రికార్డరు మీద ఒక చాట బోర్లించి, దాని మీద దుప్పటి కప్పాం. అది లోపల్లోపలే గొణుక్కుంది. మెకానిక్, నేను, ఆమె, ముగ్గురం మూలన చిన్న టీవీ ముందు కూర్చున్నాం. చుట్టూ తట్టల నిండా పురుగులు, దేవుడి మాట వింటున్నట్టు తలలెత్తి నిలబడి ఉన్నాయి. గది వెచ్చగా ఉంది, ఆకు వాసన. నాకు కునుకు కూడా వచ్చింది.

మెకానిక్ నన్ను మోచేత్తో పొడిచాడు. తెర మీద అంకె తోక వంకర పోతోంది. చూస్తుండగానే పక్క అంకె విరిగింది. ఆ తర్వాత చీమలు.

"వచ్చినాయి" అన్నాను. చీమలను చూసి సంతోషపడింది నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మూత ముందే తీసి పెట్టుకున్నాడు. నేను చెయ్యి వెనకతట్టు పెట్టాను. వేడిగా ఉన్నదాని దగ్గరకే వెళ్ళింది చెయ్యి. అతను ముందే మార్చిన ఆ వేడి ముక్కను అప్పటికే వదిలేశాడు. ఒక వెదురు పుల్ల తీసుకుని, మొద్దు కొనతో ఒక్కొక్క ఐసీనీ మెల్లగా అదుముతూ పోయాడు. ఒకటి, ఏం లేదు. ఇంకొకటి, ఏం లేదు. నడిమధ్యలో ఉన్న ఒకదాన్ని అదిమాడు. చీమలన్నీ ఒక్కసారిగా కూడుకుని అంకె అయిపోయాయి. పుల్ల తీశాడు, మళ్ళీ చీమలు. పుల్ల పెట్టాడు, అంకె.

నేను దాన్ని ముట్టుకున్నాను. నులివెచ్చగా, ఏమీ ఎరగనట్టు ఉంది. జ్వరం లేదు.

"ఈ ఐసీనే వొదినా టీవీలోకి అచ్చరాలు గీసేది. దీని కాళ్ళు సాకెట్లో నుంచి పైకి లేసినాయి. యేడేడూ వేడెక్కి సల్లబడి, వేడెక్కి సల్లబడి, రవ్వంత రవ్వంత పైకి వచ్చేసింది. సల్లగా ఉన్నప్పుడు అంటుకోని ఉంటాది, వెచ్చబడితే విడిపోతాది."

"దానికేం సెయ్యల్ల?"

"ఏముంది. అదమల్ల." అని పుల్ల పక్కన పెట్టి, రెండు బొటనవేళ్ళతో దాన్ని ఒక్క నొక్కు నొక్కాడు. టిక్కుమంది.

ఆ చప్పుడు నాకు తెలిసిన చప్పుడు. ప్రతి డిసెంబరులో పొయ్యి కాడ నుంచి విన్న చప్పుడు. ఆ బొటనవేళ్ళు, ఆ వంగిన వీపు. నేను కళ్ళు తుడుచుకుంటే మెకానిక్ భార్య కుంపటి పొగ అనుకుని కిటికీ గోనెపట్ట కొంచెం పక్కకు జరిపింది. ఆమె పురుగులకు చలి పెట్టి నా కోసం జరిపింది, అది నేను మరచిపోను.

తర్వాత చల్లబడినాక ఆ ఐసీని బయటికి తీసి, నల్లబడిన కాళ్ళను పెన్సిలు రబ్బరుతో తుడిచి మళ్ళీ కూర్చోబెట్టాడు. మిగిలినవన్నీ కూడా అదిమాడు. చీకటి పడేదాకా ఆ గదిలోనే నడిపించాం. చీమలు రాలేదు.

"పోయినేడు గూడా ఇదేనా?" అని అడిగాను.

"ఇదే. లోపల లెక్క జరుగుతానే ఉంటాది వొదినా. అంకె వచ్చే ఉంటాది. గీసేది దీనికి సేతకాలా."

ఇంటికి రాగానే దుప్పటి కూడా విప్పకుండా పక్కింటికి వెళ్ళాను. ఆమె గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది, కళ్ళతో కాదు, వేళ్ళతో. మెకానిక్ చెప్పింది చెప్పాను.

వలవడం ఆపింది. "అంటే నాకు వచ్చినాదా?"

"వచ్చినాది. నీకు సూపించలేకపోయింది."

"లోపల ఉన్నింది."

"లోపల ఉన్నింది."

ఇంకొక కాయ తీసుకుని వలిచింది. తర్వాత, "ఏది వచ్చిందో ఇప్పుడు తెలుసుకోలేమా?" అంది. ఆమె సంగతి అది. వచ్చిందంటే చాలదు, ఏదో కూడా కావాలి.

"అది పోయిందమ్మా. వచ్చే వారం కొత్తది నొక్కుదువు."

కొత్త సంవత్సరం పొద్దున ఇంకా ఎక్కువ మంది వచ్చారు, మా కంప్యూటరు పుంగనూరు, కుప్పం తిరిగి వచ్చిన సంగతి వీధంతా తెలిసి. మా అమ్మాయి కిటికీలు తెరిచి పెట్టమంది. నేను తెరవలేదు. మూసే పెట్టాను. తెరిచి పెట్టి వచ్చిన అంకెను పక్కింటామె నమ్మదని నాకు తెలుసు. కేకు తిన్నారు, కాఫీలు తాగారు. గది పురుగుల గదిలాగే వెచ్చబడింది. ఒక్కొక్కరే నొక్కుతున్నారు, అంకె చూసి నేను అట్ట తీసిస్తున్నాను. చదవాల్సిన పని నాకు లేదు. అన్నేళ్ళు మా ఆయన గట్టిగా చదువుతుంటే విని విని, ఏ అంకెకు ఏ మాటో నాకు నోటికి వచ్చేసింది.

పక్కింటామె వెనక్కు వెనక్కు జరిగి అందరికన్నా ఆఖరున నిలబడింది. గది ఎంత వేడెక్కాలో అంత వేడెక్కింది. ఆమె వచ్చి పెట్టె ముందు కూర్చుంది. చెయ్యి చాచి బొత్తాం వెతుక్కుంది. నేను చూపించలేదు, ఆమె వేలికి తెలుసు. నొక్కింది.

అంకె వచ్చింది. తోక వంకర లేకుండా, పెద్దదిగా, తెల్లగా.

ఆమెకు కనబడలేదు. నా ముఖం వైపు తిరిగింది. నేను అంకె చెప్పి, అట్ట తీయకుండానే ఆ మాట చెప్పాను, ఆయన చెప్పినట్టే ఆపి ఆపి.

పక్కింటామె తల దించుకుని విన్నది. ఆ తర్వాత తల ఎత్తి, "ఇది నాకు మా ఇల్లు కట్టిన యేడు వచ్చినాదే" అంది.

"వస్తే?"

"ఇంగోసారి నొక్కుతానక్కా."

"ఒక మనిషికి ఒక నొక్కుడు."

"వాడినదే గదా ఇది."

"మంచిగా వాడుకోలేదేమో. దేవుడు మళ్ళీ ఇచ్చినాడు" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె అట్టను జాకెట్లో దోపుకుంది. వెళ్ళేటప్పుడు గడప దగ్గర ఆగి, "డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటాది?" అంది, పాల ధర అడిగినట్టు.

ఆ నెలలోనే ఒక కన్ను, ఎండలు ముదరకముందే రెండోది. రెండుసార్లూ నేనే పక్కన కూర్చున్నాను. లోపలికి తీసుకుపోయేటప్పుడు అట్టను చేతిలో పట్టుకుంటానంది. నర్సమ్మ వద్దంటే నా చేతిలో పెట్టింది. "పడేసుకోవద్దు, మళ్ళీ ఇయ్యడు" అంది.

ఇప్పుడు మళ్ళీ మార్కెట్‌కు పోతోంది. మండీవాళ్ళకు కొత్త కష్టం వచ్చింది, మచ్చ ఎంత చిన్నదైనా పక్కన పడేస్తోందట. మొన్న సాయంత్రం మా ఇంటికి వచ్చి కూర్చుంది, కాఫీ తాగుతూ నాలుగు మూలలా చూసింది. కొత్త కళ్ళు కదా, అన్నిటి మీదా పడతాయి. కంప్యూటరు మీద కప్పిన గుడ్డ దగ్గర ఆగింది. లేచి వెళ్ళి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది.

"అక్కా, ఇది తెల్లదా?"

"తెల్లదే."

"నేను ఇన్నాళ్ళూ నా కండ్లే మసక అనుకుంటినే."

అంచున నీలం పూలున్నాయని కూడా ఆమెకు అప్పుడే తెలిసింది. గుడ్డను తనే తీసి, దాన్ని బకెట్లో నానేసి వెళ్ళింది. అది ఆరేదాకా కంప్యూటరు మీద ఏమీ కప్పలేదు. డిసెంబరు ఇంకా రాలేదు గానీ, ఎటూ గుడ్డ తీసే ఉంది కదా అని, నేను మూత విప్పి దాని ముందు కూర్చుని, రెండు బొటనవేళ్ళతో కాళ్ళన్నీ ఒకసారి అదిమాను.